వేలెడు సందు తెరిచిన కారు అద్దం

సహోదరీ సహోదరులారా, ఊపిరి ఇచ్చిన దేవుని పేరట మీకు వందనాలు. మా నాన్న ఆయాసంతోనే పోయాడు గనుక నాకూ అదే పట్టిందని, నా వంతు వచ్చేసిందని ఒక సంవత్సరమంతా భయపడుతూ బతికాను. నేను మేడ మెట్లెక్కి వస్తుంటే నా భార్య శాంత గుమ్మంలో నిలబడి నా ఛాతీ వంకే చూసేది.

అప్పటికి సెల్ ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాలేదు. నేను తట్టాంచావడి ఫ్యాక్టరీల పేటలో ఒక రొయ్యల కంపెనీలో పనిచేసేవాణ్ణి. తేంగాయితిట్టు చేపల రేవులో కొన్న రొయ్యలను గడ్డకట్టించి, విదేశాల్లో కొనేవాళ్లకు ముందుగా మచ్చు పంపేవాళ్లం. ఆ మచ్చు దారిలో కాస్త మెత్తబడినా వాళ్లు సరుకు వద్దంటారు. అందుకని థర్మకోల్ పెట్టెల్లో డ్రై ఐస్, అంటే కరిగి నీళ్లు కాకుండా పొగలా పోయే గడ్డలు వేసి, చెన్నై విమానాశ్రయానికి నేనే తీసుకెళ్లేవాణ్ణి. కారు నడిపేది శాంత వాళ్ల అన్నయ్య, మా గోవిందు బావ. డిక్కీలో ఎండ వేడి తగులుతుందని పెట్టెలు వెనక సీటులో పెట్టి, చల్లదనం పోకూడదని అద్దాలన్నీ బిగించి, ఏసీ వేసుకుని వెళ్లేవాళ్లం. అదీ మా తెలివి!

వెళ్లొచ్చిన ప్రతిసారీ తల పగిలిపోయేది, గుండె దడదడలాడేది, ఊపిరి సగంలో ఆగేది. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. మందులు మింగాను, సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించారు, అయినా తగ్గలేదు.

ఒకసారి పెట్టెలు ఎక్కువయ్యాయి. చెన్నై దారిలో మరక్కాణం ఊరు దాటేసరికి నాకు కళ్లు మూతపడుతున్నాయి, నోరు పెగలడం లేదు, బావ కూడా ఆవులిస్తూ స్టీరింగు మీదికి వాలుతున్నాడు. "ప్రభువా, మట్టిలో ఊపిరి ఊదినవాడివి, నాకింత ఊదు" అని మనసులోనే అన్నాను.

అంతలో రోడ్డు పక్కన అమ్మవారి గుడి వచ్చింది. బావ విశ్వాసి కాదు. ఆ గుడి దాటేటప్పుడల్లా కారు నెమ్మది చేసి, అద్దం దించి ఒక రూపాయి బిళ్ల విసరడం ఆయనకు అలవాటు. మగతలోనే ఆయన చెయ్యి అద్దం దించింది. ఉప్పుగాలి లోపలికి కొట్టింది. బావ కారు ఆపేశాడు, ఇద్దరం తలుపులు తోసుకుని ఇసుకలో పడ్డాం.

దారిన పోయేవాళ్లు మమ్మల్ని ఆస్పత్రికి చేర్చారు. కారులో ఏం తెచ్చారని అక్కడి డాక్టరమ్మ అడిగింది. చెప్పాం. ఆ గడ్డల నుంచి వచ్చే గ్యాసు మూసిన కారులో నిండిపోయి మీకు ఊపిరాడనివ్వడం లేదు, నీకు ఏ ఆయాసమూ లేదు అంది. నాన్న రోగం నాది కాదు! కబురంది పరుగున వచ్చిన శాంత ఆ మాట విని అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చేసింది.

గుడి సంగతి సాక్ష్యంలో చెప్పడం అవసరమా అని మన సంఘ పెద్ద ఒకరు అడిగారు. జరిగింది దాచితే అది సాక్ష్యం ఎలా అవుతుందన్నాను. నేను అడిగాను, దేవుడు విన్నాడు, ఎవరి చెయ్యి వాడుకోవాలో ఆయన ఇష్టం. ఈ మాటే బావతో అంటే నవ్వాడు. "ఎవురు తీపిస్తే ఏంది దాసూ, బతికినాం గదా. ఇంక ఆ అద్దం మాత్రం మూయబాక" అన్నాడు.

అప్పటి నుంచి పెట్టెలు డిక్కీలోకి మారాయి, అద్దం వేలెడు సందు తెరిచే ఉంటుంది. మచ్చు ఒక్కసారీ మెత్తబడలేదు.

ఊపిరాడని స్థితిలో ఉన్నవారు మీలో ఉంటే ఆయన్నే నమ్మి అడగండి, సహాయం ఏ వైపు నుంచి రావాలో మాత్రం ఆయనకు చెప్పకండి. దేవునికే మహిమ. బావ ఇవాళ కూడా నన్ను దించి, లోపలికి రాకుండా బయట కారులోనే కూర్చున్నాడు, అద్దాలన్నీ దించుకుని. వెళ్లేటప్పుడు ఆయన్నొకసారి పలకరించండి.