టక్‌మన్నది షాఫ్టు కాదు

మా పాస్టరు గారి తెల్లచొక్కాకి జేబు దగ్గర ఒక మరక ఉంది. ఎన్ని సబ్బులు మార్చినా పోలేదు. ఆ మరక వేసింది నేనే. అదీ ట్రాక్టరు సాయంతో, ఊరంతా చూస్తుండగా! ఎలాగో చెబుతాను. మీ చేతిలో తినే గిన్నె ఏదైనా ఉంటే ముందు దూరంగా పెట్టుకోండి. ఆ పని ఆ రోజు మేం చెయ్యలేదు.

అరకు దగ్గర కొండవార ఊరు మాది. చోళ్ళు పండిస్తాం, పట్నం వాళ్ళు రాగులంటారే, అవే. మా ఆడవాళ్ళ సంఘానికి ట్రాక్టరుతో ఆడే నూర్పిడి మిషను వచ్చినప్పుడు ఊళ్ళో ఒకటే రగడ. దాన్ని నడిపేదెవరు? పార్వతీపురం వెళ్ళి శిక్షణ తీసుకొచ్చిన నేనా, ట్రాక్టరు తనకి పుట్టుకతో వచ్చిన విద్య అనుకునే మా ప్రకాశం బావా? సంఘం పెద్ద మా చిట్టెమ్మ పెద్దమ్మ తేల్చేసింది.

"ఓలె రాహేలూ, ప్రారంభం రోజున మిషను నువ్వే తగిలించి ఆడించు. ఆడిందా, సీటు నీది. తేడా వొచ్చిందా, ప్రకాశానికి ఇచ్చేత్తాను."

ఆ సీటు కోసం నేను ఎంత తపించానంటే, నిద్దట్లో క్లచ్చి తొక్కి మా చెల్లెల్ని మంచం మీంచి తోసేశాను.

శిక్షణలో నేర్పింది వల్లె వేసుకున్నాను. ట్రాక్టరు వెనక గిరగిరా తిరిగే పళ్ళ ఇరుసు ఉంటుంది, దాన్ని పీటీవో అంటారు. దానికీ మిషనుకీ మధ్య తగిలించే పొడుగాటి కడ్డీ షాఫ్టు. తగిలించే ముందు ఇంజను ఆపి తాళంచెవి జేబులో వేసుకోవాలి. చున్నీ తీసేయాలి, జడ ముడి పెట్టాలి, తిరిగే షాఫ్టు గుడ్డకొస దొరికితే మనిషిని వదలదు. షాఫ్టు మూతిని ఇరుసు మీదికి తోస్తే పిన్ను గాడిలో పడి 'టక్' మంటుంది. అప్పుడు గట్టిగా వెనక్కి లాగి చూడాలి. ఈ చివరి ముక్క ఒక్కటీ ఆ రోజు నా బుర్రలోంచి సెలవు తీసుకుంది.

కళ్ళంలో జనం జాతరకొచ్చినట్టు వచ్చారు. ఒక పక్క పెద్దమ్మ చోళ్ళ వెన్నుల కుప్ప, కొండ మీద నల్లటి మబ్బు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. థింసా ఆడటానికి ఆడవాళ్ళు చేతులు పట్టుకుని నిలబడ్డారు. బోడన్న తాత చిన్న మంట వేసి డప్పు కాచుకుంటున్నాడు. నేను మిషను చుట్టూ బూడిదతో గీత గీశాను.

"ఈ గీత దాటి ఎవరూ రాకూడదు! బావా, నీకే!"

"ఒలమ్మ, కలెక్టరమ్మ వొచ్చింది! సేతకాపోతే సెప్పు, నాను లేనా?"

"బేగి సెయ్యే గుంటా! వోన వొచ్చేత్తంది!" అని పెద్దమ్మ కేక.

ఆ 'బేగి'తో నా చేతులకి రెక్కలొచ్చాయి. షాఫ్టు మూతిని ఇరుసు మీదికి తోశాను. చెవి ఒగ్గి విన్నాను. టక్! ఆహా! చర్చి గంట కూడా నా చెవికి అంత తియ్యగా వినిపించలేదు. లేచి, దుమ్ము దులుపుకుని, బావ వైపు ఒక చూపు విసిరి, మహారాణిలా సీటెక్కాను.

ఇంజను మొదలెట్టి పీటీవో లివరు వేశాను. మిషను గుర్రుమంది. ఈలలు, కేరింతలు! ఇంకాస్త వేగం పెంచాను. నా మొహం వెలిగిపోతోంది. అంతలో వెనక 'ధన్' మంది.

షాఫ్టు మూతి ఇరుసు మీంచి ఊడిపోయింది. రెండో కొస తిరుగుతున్న మిషనుకే ఉంది కదా, తోక తొక్కిన పాములా నేలని చెడామడా బాదింది. మట్టి లేచింది. మట్టితో పాటు, పక్కనే నీడలో పెట్టిన పెద్ద సిల్వరు గిన్నె కూడా లేచింది. అందులో ఊరందరికీ కాచిన అంబలి. ఆ గిన్నె గాల్లో పల్టీ కొట్టి, ఎవరికీ తక్కువ చెయ్యకుండా వడ్డించేసింది. పాస్టరు గారికి జేబు నిండా, పెద్దమ్మకి కొత్త చీర నిండా, బావకి నెత్తి నుంచి గడ్డం దాకా.

ఇంజను ఆపేసి కిందికి దూకాను. "ఎవరికైనా తగిలిందా? తగిలిందా?" అని అరిచాను. నిజంగా భయపడిపోయాను. అందరూ గీత అవతలే ఉన్నారు. తగిలింది అంబలే.

"టక్ మంది! నేను విన్నాను!" అన్నాను ఏడుపు గొంతుతో.

బోడన్న తాత డప్పు పైకెత్తి, పుల్లతో ఒక్కటేశాడు. టక్!

"ఇదేనేటే నువ్వు ఇన్నది? డప్పు కాగిందో నేదో అని కొట్టి సూసుకున్నాను!"

"అంతా నీ వల్లే తాతా!"

"నా డప్పు మోగితే నీ షాఫ్టు తగులుకుంటాదేటే? సెవి నాకిచ్చావు, మరి సెయ్యి ఎక్కడికెల్లింది?"

జనం విరగబడి నవ్వారు. బావ అంబలి తుడుచుకుంటూ సీటు వైపు నడిచాడు. నా సీటు! పెద్దమ్మ అతని చొక్కా పట్టుకుని ఆపింది.

"ఆగరా. గీత లోపల గిన్నె పెట్టినోడెవుడు?"

బావ మబ్బులకేసి చూడటం మొదలుపెట్టాడు.

"ఆ గుంట గీత గీసింది కాబట్టి అంబలితో పోయింది. నేకపోతే ఏటైపోదుమో! ఓలె, మల్లీ తగిలించు. డప్పు, పిల్లలు, కోళ్ళు, అందరూ నోరు ముయ్యండి!"

ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టింది. మళ్ళీ తోశాను. టక్. కాలు ఇరుసు కింద తన్నిపెట్టి, షాఫ్టుని ట్రాక్టరు కదిలేలా లాగాను. రాలేదు! మబ్బు కురిసేలోగా పెద్దమ్మ చోళ్ళు బస్తాల్లో పడ్డాయి. సీటు నాదైంది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. తర్వాత ఆ ప్రకాశం బావతోనే నాకు పెళ్ళి కుదిరింది. చర్చి కిక్కిరిసిపోయింది. బావ నా మెడలో గొలుసు వేసి కొక్కెం పెట్టాడు. ఆ నిశ్శబ్దంలో కొక్కెం 'టక్' మంది. అందరూ నా వైపే చూశారు. వెనక బల్ల మీంచి బోడన్న తాత గొంతు:

"లాగి సూడే గుంటా!"

నా మీద ఒట్టు, చెయ్యి దానంతటదే వెళ్ళింది. షాఫ్టుని లాగినట్టే లాగాను. గొలుసు తెగి చేతిలోకొచ్చింది.

"ఓలె! ఇది మెడే, ట్రాక్టరు కాదే!" అన్నాడు బావ. పాస్టరు గారు బైబిలుతో చొక్కా జేబు కప్పుకున్నారు.

అందుకని మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. షాఫ్టుని లాగి చూడకుండా ఈ జన్మలో తాళం తిప్పను, తాళి గొలుసుని లాగి చూసే పని ఇంకెప్పుడూ పెట్టుకోను. బావ కూడా ఏ గిన్నె పట్టుకున్నా బూడిద గీత అవతలే నిలబడతానని నాతో ఒట్టేశాడు.