పందెం కారుకు పొట్టి గేరు రాడ్డు

మా ఆయన ఇరవై ఏళ్లు కార్లు నడిపినా నేను ఎక్కింది ఒక్క కారే. అదీ ఒక్కసారే. ఎక్కించమన్నది మా ఆయన కాదు, ఆయన యజమాని.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మేము కడపలో ఉండేవాళ్లం. మా ఆయన పనిచేసే యజమానికి వేరుశనగ నూనె మిల్లు ఉండేది, కమలాపురం వైపు పొలాలు, రాయచోటిలో ఒక కొట్టు కూడా. మద్రాసులో ఎవరో తెల్లదొర దేశం వదిలి పోతూ అమ్మిన రెండు సీట్ల కారును ఆయన ముచ్చటపడి తెచ్చుకున్నాడు. గుడ్డ టాపు, పొడుగాటి మూతి, నేలకు జానెడు ఎత్తున పోయేది. ఊళ్లో అందరూ పందెం కారు అనేవాళ్లు. దానితో ఎవరూ ఏ పందెమూ వేసింది లేదు. యజమాని పక్క సీట్లో కూర్చుని గాలికి కండువా ఎగరేసుకుంటూ పోవడానికే పనికొచ్చేది.

ఒకరోజు పొద్దున మా ఆయన హ్యాండిల్ వేసి ఇంజను తిప్పుతుంటే అది ఎదురుతిరిగి కొట్టింది. ఎడమ మోచెయ్యి విరిగింది. కట్టు కట్టించాం, నెలన్నర ఇంట్లో ఉన్నాడు. కట్టు విప్పాక ఎముక అతికింది గానీ చెయ్యి పూర్తిగా చాచుకోవడం పోయింది. చొక్కా తొడుక్కోవడానికి, బట్టలు ఉతుక్కోవడానికి అది అడ్డం కాలేదు. గేరు వేయడానికి అడ్డమైంది.

మన కార్లలో స్టీరింగు కుడివైపు, గేరు ఎడమ చేతికి. ఆ కారు గేరు రాడ్డు నేల నుంచి పొడుగ్గా లేచి ముందుకు వాలి ఉండేది. మొదటి గేరు వేయాలంటే దాన్ని ఎడమకు తీసి ముందు అద్దం వైపుకు తొయ్యాలి. అంత దూరం మా ఆయన చెయ్యి పోదు. నడుము వంచి, తలకాయ స్టీరింగు మీదికి దించి వేసేవాడు. ఆ ఒక్క క్షణం కళ్లు రోడ్డు మీద ఉండేవి కావు.

యజమాని రెండు మూడుసార్లు చూసి, గేరు గేరుకూ ఎవరికి దండం పెడుతున్నావని అడిగాడట. రాడ్డు పొడుగైపోయిందయ్యా అని మా ఆయన అన్నాడు. చెయ్యి రావడం లేదని చెప్తే పని పోతుందని భయం. నాకూ అదే భయం. మేము ఉన్న గది మిల్లు వెనక యజమాని ఇచ్చిందే. సేద్యానికి మాకు సెంటు నేల లేదు.

"అయితే పొట్టి రాడ్డు ఏయించుకో. నీ కర్సుతోనే. పాతది మాత్రం ముక్క చెయ్యొద్దు, అట్లనే ఉండల్ల. పైనెల రాయచోటికి పోవల్ల. కనుమలో నువ్వు ఇట్లనే దండాలు పెడ్తావుంటే నేను వేరే డ్రైవరును చూసుకుంటా" అన్నాడు యజమాని.

కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు కనుమ ఉంది. మలుపు మలుపుకూ గేరు మార్చాలి. వేరుశనగకాయల బండ్లు ఎదురొస్తుంటాయి. పక్కన లోయ.

మా ఆయన మద్రాసు నుంచి రాడ్డు తెప్పిస్తానని మొదలుపెట్టాడు. కార్లు బాగుచేసే మేస్త్రీ దగ్గర బొమ్మల పుస్తకం ఉండేది. అందులో పందేల్లో నడిపేవాళ్లు వేసుకునే పొట్టి రాడ్డు బొమ్మ ఉంది, పైన తెల్లటి గుండుతో. పుస్తకం ఇంటికి తెచ్చి దీపం దగ్గర పెట్టుకుని చూసేవాడు. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు, నేర్చుకున్నది యాభై దాటాక. కాబట్టి బొమ్మే చూశాను. ఆ రాడ్డు ఎంత పొట్టి అంటే పిడికిలి పట్టుకుంటే పైనా కిందా ఏమీ మిగలదు.

చూడగానే నాకు తిరగలి గుర్తొచ్చింది. మా తిరగలి రాయికి రెండు బెజ్జాలు ఉండేవి. పిడి అంచు బెజ్జంలో పెడితే చెయ్యి పెద్ద సున్నా చుట్టాలి, కానీ రాయి తేలిగ్గా తిరుగుతుంది. లోపలి బెజ్జంలో పెడితే చెయ్యి కొంచెమే తిరుగుతుంది గానీ రాయి బరువెక్కుతుంది. బాలింతగా ఉన్నప్పుడు భుజం లేవక నేను లోపలి బెజ్జంతోనే జొన్నలు విసిరాను. పిరికెడు గింజలు పోసే చోట చిటికెడు పోయాలి. ఆత్రపడితే రాయి పట్టేస్తుంది.

ఈ మాట మా ఆయనకు చెప్పాను. పొట్టిదైతే దూరం తగ్గుతుంది, బలం ఎక్కువ కావాలి, నీది విరిగి అతికిన చెయ్యి, మరీ పొట్టిది తెస్తే ఆ బలం ఎక్కడి నుంచి వస్తుందని అడిగాను. కారుకూ తిరగలికీ సంబంధమేమిటని నవ్వాడు. నవ్వాడు గానీ పుస్తకం మూశాడు.

మర్నాడు నేను రోట్లో సగందాకా తడి ఇసుక కూరి రోకలి నిలబెట్టాను. ఆయనను వెనక పీట మీద కూర్చోబెట్టి, కాళ్లు బారజాపించి, ఎడమ చేత్తో రోకలిని ముందుకు తోయమన్నాను. ముందు పైన పట్టుకున్నాడు. చెయ్యి చాలలేదు, నడుము వంగింది. కొంచెం కిందికి పట్టుకోమన్నాను. ఇంకొంచెం. మరీ కిందికి పోతే ముఖం ఎర్రబడింది గానీ రోకలి కదల్లేదు. అట్లా పైకీ కిందికీ జరిపించి, నడుము వంగకుండా, మోచెయ్యి నొప్పి లేకుండా రోకలి కదిలిన చోట మసిబొగ్గుతో గీత పెట్టాను.

పక్కింటి అత్త గోడ మీంచి చూసింది.

"ఏం మే, మొగునితో ఇసుక దంపిస్తాండావా? జొన్నలు అయిపోయినాయా ఇంట్లో?"

"కారు నడుపుతాండాడు అత్తా" అన్నాను.

"అట్లనా. రాయచోటి వచ్చినప్పుడు చెప్పప్పా, నేనూ దిగల్ల" అంది మా ఆయనతో.

ఆయన పీట మీంచి లేవబోయాడు. నేను కూర్చోబెట్టి, నేల నుంచి గీత దాకా నూలుదారంతో కొలిచి ముడి వేశాను.

ఆ దారం తీసుకుని పాత ఇనుము అమ్మే సాయిబు దగ్గరికి ఇద్దరం పోయాం. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన సామాను ఆయన కొట్లో గుట్టలుగా ఉండేది. గేరు రాడ్లు ఒక గోనెసంచి నిండా ఉన్నాయి. సాయిబు సంచి బోర్లించాడు. మా ఆయన వెంటనే ఒక మెరిసే రాడ్డు అందుకున్నాడు. పుస్తకంలోని బొమ్మ లాంటిదే. అది మిలిటరీది కాదు, ఎవరో షోకు కోసం చేయించుకున్నది. పక్కన ఇంకొకటి పడి ఉంది. తుప్పు పట్టి, లావుగా, పైసగం నడిపేవాడి వైపుకు వంగి ఉంది. దారం పెట్టి చూశాను. మెరిసేది ముడికి బెత్తెడు తక్కువ. తుప్పుది వేలెడే ఎక్కువ. పైగా వెనక్కి వంగి ఉంది కాబట్టి దానంతటదే చేతి దగ్గరికి వస్తుంది.

ఇది చాలు అన్నాను.

మా ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. అంత ముచ్చటైన కారులో ఈ తుప్పు కడ్డీనా, యజమాని చూస్తే ఏమంటాడు అని గొణిగాడు.

సాయిబు మెరిసేదాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాడు. "తమ్ముడూ, అది కుర్రోళ్లకు. ఇది జీపుది, కొండలు ఎక్కొచ్చిన మాలు. చెల్లెమ్మ నాకంటే బాగా బేరం చూస్తాది, నా కొట్లో కూచోబెట్టు" అన్నాడు.

మెరిసేదాని ధరలో సగం కూడా లేదది. మేస్త్రీ దాని కింది గుండును ఆకురాయితో రాసి మన కారు గేరుపెట్టెకు సరిపోయేలా చేశాడు. దానికి రెండు రోజులు పట్టింది. తుప్పు నేనే చింతపండుతో తోమాను. పాత రాడ్డును గోనెగుడ్డలో చుట్టి మిల్లులో అప్పజెప్పాం.

యజమాని కొత్త రాడ్డును ఒకసారి చూశాడు, చేత్తో ముట్టలేదు.

"నేను మొదట కూచోను. నీ పెండ్లాన్ని కూచోబెట్టుకొని కనుమ ఎక్కి దిగు. ఆమె వచ్చి బాగుండాది అంటే అప్పుడు నేను కూచుంటా."

మా ఆయన ఇంటికొచ్చి ఈ మాట చెప్పి, నీకు భయమైతే వద్దులే అన్నాడు. భయం లేకపోవడమేమిటి. కానీ నేను పోనంటే ఆ రాడ్డు ఏరిన మనిషే దాన్ని నమ్మలేదని అవుతుంది. కొంగు నడుముకు గట్టిగా చుట్టుకుని కూర్చున్నాను. అంత కిందికి కూర్చోవడం వింతగా ఉంది. రోడ్డు నా పక్కనే పరుగెత్తుతున్నట్టు అనిపించింది. ఊరు దాటేదాకా జనం నిలబడి చూశారు.

చదును దారిలో రాడ్డు బాగా పనిచేసింది. ఆయన నడుము వంగలేదు, తల ఎత్తే ఉంది. నేను ఆయన చెయ్యినే చూస్తున్నాను. కనుమ మొదలైంది. ఒకటి, రెండు మలుపులు దాటాం. మూడో మలుపులో ఎదురుగా కాయల బండ్లు వరసగా దిగుతున్నాయి. దారి ఇవ్వడానికి ఆపాల్సి వచ్చింది. బండ్లు పోయాక మొదటి గేరుకు తోశాడు. గరగరమని చప్పుడు వచ్చింది గానీ పడలేదు. మళ్లీ తోశాడు. అదే చప్పుడు. కారు ఒక అడుగు వెనక్కి జారింది. హ్యాండు బ్రేకు లాగాడు. ఆయన చెంపల మీదుగా చెమట కారుతోంది. చివరి బండివాడు వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

మూడోసారి మొత్తం బలం పెట్టబోతుంటే నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

"ఆత్రం వద్దు మామా. లోపల తిరిగేది ఆగనీ. అప్పుడు తొయ్యి."

"నీకేం తెలుసు మే."

"తిరగలి తెలుసు."

ఆయన క్లచ్చి తొక్కిపట్టి ఊరికే ఉన్నాడు. నేను మనసులో మూడు దాకా లెక్కపెట్టాను. తర్వాత మెల్లగా తోశాడు. చప్పుడు లేకుండా పడింది. కారు మలుపు ఎక్కింది. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ ఆయన గేరుకు ముందు అట్లాగే ఒక్క క్షణం ఆగాడు. మళ్లీ చప్పుడు రాలేదు. పైదాకా ఎక్కి, తిప్పుకుని, దిగి వచ్చాం.

మిల్లు వాకిట్లో యజమాని కుర్చీ వేసుకుని ఉన్నాడు.

"ఎట్లుండాది? నిజం చెప్పల్ల" అన్నాడు నన్ను.

మా ఆయన నేల చూస్తున్నాడు. బాగుండాది అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ రేపు ఆ సీట్లో కూర్చునేది ఈ మనిషి. మూడో మలుపు కాడ గేరు రెండుసార్లు పడలేదని చెప్పాను. ఆత్రపడితే పడదు, ఒక ఊపిరి ఆగితే పడుతుందని చెప్పాను. ఆపుకోలేక చెయ్యి సంగతీ చెప్పేశాను. మోచెయ్యి చాచుకోదు అయ్యా, అందుకే ఈ పొట్టి రాడ్డు అని.

యజమాని కుర్చీని మా ఆయన వైపుకు తిప్పుకున్నాడు.

"చెయ్యి సంగతి నాకు తెల్దా? రాడ్డు పొడుగు అంటివి, సరే అంటిని" అన్నాడు మా ఆయనతో. తర్వాత నా వైపు తిరిగాడు. "ఆ పొడుగు రాడ్డుతోనే, రెండు చేతులూ బాగుండే నేను, కారు తెచ్చిన కొత్తలో ఒక్కన్నే నడుపుకుంటా పోయి, అదే మలుపు కాడ నిలిచిపోయినా. బండ్లోళ్లతో తోయించుకుంటి. శానా దినాలైంది. ఎవరికీ చెప్పలేదు, నువ్వూ చెప్పొద్దు."

కండువా సర్దుకుని లేచాడు. నేను దిగిన సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

"పద, రాయచోటికి. సందకాడికి వచ్చేయల్ల."

మా ఆయన నన్ను చూడకుండానే స్టీరింగు ముందు కూర్చున్నాడు. గేరు వేసే ముందు ఒక్క క్షణం ఆగడం నాకు కనిపించింది. కారు గేటు దాటి పోయింది.

నేను గదికి వచ్చాను. పొయ్యి కాడ చేయాల్సిన పనులు అన్నీ అట్లాగే ఉన్నాయి. చాప పరుచుకుని పడుకున్నాను. ఆయన చెయ్యి విరిగిన నాటి నుంచి నేను కంటినిండా నిద్రపోయింది లేదు. ఆరోజు పట్టపగలు నిద్రపోయాను. పక్కింటి అత్త వచ్చి కదిలిస్తే మెలకువ వచ్చింది. ఒంట్లో బాగలేదా మే అని అడిగింది. బాగుండాది అత్తా, శానా బాగుండాది అని మళ్లీ పక్కకు తిరిగి పడుకున్నాను.