అప్‌డేట్ నొక్కింది నేను, మాట పడ్డది పద్మక్క

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం తింటున్నాను, నవ్వుతున్నాను, పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకు నీతులు కూడా చెబుతున్నాను. సిగ్గులేని బతుకు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీ వెబ్‌సైట్ చూసుకునేవాణ్ణి. సైట్ అంటే ఒక్క ముక్క కాదు. దరఖాస్తు ఫారానికి ఒకటి, ఫొటోలకు ఒకటి, ఇలా ఎవరెవరో చేసిన ప్లగిన్లు తగిలించి నడిపించే వ్యవహారం. ఫారం ప్లగిన్‌ లోపల చెయ్యిపెట్టి, దరఖాస్తులు ఆఫీసుకు చేర్చే నాలుగు లైన్లు నేనే రాశాను. అలా రాస్తే, అప్‌డేట్ వేసిన రోజు రాసిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే సైట్‌కు ఒక నకలు పెట్టుకుని, ముందు దాని మీద వేసి చూడాలి. ఈ సంగతి పని నేర్చుకున్న మొదటి నెలలోనే తెలుస్తుంది. నాకూ తెలుసు.

కానీ కరస్పాండెంట్ సారుకు ఎర్ర అంకె పడదు. సైట్ తెరవగానే మూలన 'ఇన్ని అప్‌డేట్లు ఉన్నాయి' అని కనిపిస్తే, నేను పని చేయడం లేదనేవాడు. ఆయన వస్తున్నాడంటే అన్నీ ఒకేసారి నొక్కేసేవాణ్ణి, చుట్టాలొస్తున్నారని చెత్తను మంచం కిందికి ఊడ్చినట్టు. అడ్మిషన్ల గడువు ఇంకో నాలుగు రోజులుందనగా, ఒక మధ్యాహ్నం అలాగే నొక్కాను. అంకె పోయింది. నా లైన్లూ పోయాయి.

ఫారం మామూలుగానే కనిపించేది. నింపితే 'మీ దరఖాస్తు అందింది' అని వచ్చేది. అందింది ఎక్కడికి? ఎక్కడికీ చేరలేదు. గడువు ముగిశాక తల్లిదండ్రులు ఫోన్లలో ఆ మాట చూపించుకుంటూ వచ్చారు. ఆఫీసులో మాత్రం వాళ్ళ పిల్లల పేర్లు లేవు.

దరఖాస్తులు చూసుకునే క్లర్కు పద్మక్క. నేను వెళ్తే తన డబ్బాలోని సర్వపిండి సగం విరిచి పెట్టే మనిషి. గొడవ మొదలైన పది నిమిషాల్లో నాకు విషయం అర్థమైంది. లైన్లు మళ్ళీ రాశాను. అప్‌డేట్ చేసిన ఆనవాలు తుడిచేశాను. అప్పుడామె నా పక్కకు వచ్చి నిలబడింది.

"తమ్మీ, జర మంచిగ జూడు. నేను రోజు పొద్దుగాల తెరిచి చూసిన. ఆఖరి నాలుగు దినాలు ఒక్కటి గూడ రాలే. ఇగ ఎవ్వలు ఏస్తలేరనుకున్న. మిషిన్ల ఏమన్న అయ్యిందా?"

"మిషిన్ మంచిగనే ఉందక్కా. నువ్వే తెల్వక డిలీట్ కొట్టినవేమో, యాది చేస్కో."

ఆమె తెర మీది జాబితాను పైనుంచి కిందికి ఇంకోసారి వెతికింది.

"గంతే గావచ్చు తమ్మీ. నాకే యాది లేదేమో."

గొడవ విని వచ్చిన కరస్పాండెంట్ ఆ మాటే పట్టుకున్నాడు. వారం తిరక్కుండా ఆమెను తీసేశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను అదీ చేయలేదు, రాయిలా కూర్చున్నాను. ఎందుకు నోరు విప్పలేదు? పని పోతుందనా? పోతే ఇంకోటి దొరికేది. నిన్నమొన్న నేర్చుకున్నవాడు కూడా చేయని తప్పు చేశానని ఊళ్ళో తెలిస్తే నామోషీ అని, అంతే. ఆ నామోషీ కోసం ఒక మనిషిని ముంచాను. ఛీ, ఏం పుట్టుక నాది!

మొన్న మంచిర్యాల బస్టాండులో పద్మక్క కనిపించింది. చీరల దుకాణంలో పని చేస్తోందట. నన్ను చూడగానే ముఖమంతా నవ్వు. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు తిరిగొచ్చి చూసుకుంటుందట. పక్కవాళ్ళకు చూపించనిదే బిల్లు ఇవ్వదట. అప్పటి నుంచి తన మతి మీద తనకే నమ్మకం లేదని నవ్వుతూనే చెప్పింది. చెప్పి, నాకు చాయ్ తాగించింది. తాగాను. బస్సెక్కాను. చెప్పలేదు.

ఆమెకు ఉద్యోగమైతే మళ్ళీ దొరికింది. ఆ నమ్మకాన్ని ఎవరు తెచ్చిస్తారు? ఇది రాసినంత మాత్రాన నేను మంచివాణ్ణయిపోను, ఆమె ముందు నిలబడే దమ్ము ఇంకా లేదు. కానీ మీకైనా చెప్పాలి. పద్మక్కకు మతిమరుపు లేదు. ఆమె ఏదీ చెరపలేదు. రోజూ పొద్దున తెరిచి చూసింది, ఒక్కటి కూడా రాలేదు. ఆమె చెప్పిందే నిజం.