రాళ్ళ వెనక నుంచి వచ్చిన కూత

పదకొండేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను. చనిపోయినవాళ్ళ కళ్ళు నా చేత్తో మూశాను. మార్చురీ దాకా స్ట్రెచర్ వెంట ఒక్కదాన్నే నడిచాను. దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొస్తుంది. ఇప్పటికీ వాటిని నమ్మను. అయినా పోయిన ఎండాకాలం మా ఇంటి వెనక జరిగినదాన్ని జరిగినట్టు రాస్తున్నాను.

గోపన్‌పల్లి పాత ఊరి చివర, ఒక పెంకుటింట్లో కిరాయికి ఉంటున్నాం. ముందు తలుపు తీస్తే దూరంగా అద్దాల టవర్లు. వెనక తలుపు తీస్తే బండరాళ్ళు, సీతాఫలం పొదలు, తుమ్మచెట్లు. పెరట్లో బియ్యం ఆరబోస్తే నెమళ్ళు వచ్చి తినిపోతాయి. వానాకాలం గడప దాకా పాములు వస్తాయి. నాది ప్రకాశం జిల్లా. మా ఆయనది నారాయణపేట వైపు, ఐటీ కంపెనీ క్యాబ్ నడుపుతాడు. ఆ రాళ్ళూ పొదలూ చూసే ఆయన ఈ ఇల్లు కావాలన్నాడు.

ఎండలు ముదిరాక రోజూ పొద్దున ఆరింటికి క్యాన్‌లో నీళ్ళు మోసుకెళ్ళి, రాళ్ళ మధ్య ఒక గుంటలో పక్షుల కోసం పోసేవాడు. అక్కడే నిలబడి కౌజుపిట్టలా నోటితో కూసేవాడు. ముందు పన్ను సగం విరిగి ఉండటంతో ప్రతి కూత చివరా స్స్‌మని గాలి పోయేది. ఇంటి యజమానురాలు సాయమ్మ అవ్వ నవ్వేది.

"బండలు పేల్చవట్టినంక ఈడ కౌజులే లేవు కొడుకా. ఎవలకు కూస్తున్నవ్?"

"ఒక్కటన్న మిగిలి ఉంటదేమో అవ్వా."

ఏ పిట్టా ఒక్కసారి కూడా బదులు పలకలేదు.

ఒక ఆదివారం అలాగే క్యాన్ పట్టుకుని వెళ్ళాడు. నేను తలుపు దగ్గరికి వేసి చర్చికి వెళ్ళాను. పదకొండింటికి తిరిగి వచ్చేసరికి ఆయన లేడు. ఫోన్ ఛార్జింగ్‌లోనే ఉంది. ఆయన కోసం పెట్టి వెళ్ళిన టీ చల్లబడి మీగడ కట్టింది. రాళ్ళ దగ్గరికి పరుగెత్తాను. గుంట ఎండిపోయి ఉంది, అడుగున తడి కూడా లేదు. అంటే అక్కడిదాకా చేరనే లేదు.

చీకటి పడేదాకా సాయమ్మ అవ్వా నేనూ పేరు పెట్టి అరుస్తూ తిరిగాం. పోలీస్ స్టేషన్‌లో ఒకాయన తలెత్తకుండానే, "యాడనో తాగి పండుంటడమ్మా, రేపొస్తడు" అన్నాడు.

"మా ఆయన తాగడండీ."

"అందరు గట్లనే అంటరు."

సోమవారం పొద్దున నా గొంతు పూర్తిగా పోయింది. నర్సునైనందుకు ఆ రోజు నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంకో భార్యకైతే ఆశ మిగిలేది. ఈ ఎండలో నీళ్ళు లేకుండా మనిషి శరీరం ఏ గంటకు ఏమవుతుందో నాకు తెలుసు. పది దాటాక ఒక బండ మీద కూలబడిపోయాను. రాయి కాళ్ళను కాలుస్తున్నా లేవాలనిపించలేదు. "ప్రభువా, బతికించమని అడగను. శవమైనా చూపించు" అన్నాను. ఒక భార్య అడగాల్సిన మాట కాదది. అడిగాను.

అప్పుడు వినిపించింది. కౌజుపిట్ట కూత, చివర స్స్‌మని గాలి.

భ్రమ అనుకున్నాను. అవ్వ నా భుజం గట్టిగా పట్టుకుంది. "బిడ్డా, నీ పెనిమిటి కూతే గదా గది!"

రెండోసారి వచ్చింది. మూడోసారి కూడా. మూడుసార్లూ ఒకే దిక్కు నుంచి. ఆయన రోజూ వెళ్ళే దారి కాదది. ముళ్ళు గీరుకుంటున్నా తోసుకుంటూ వెళ్ళాం. పొదల వెనక, ఎప్పుడో రాయి కొట్టి వదిలేసిన గుంత ఉంది. ఒడ్డున నీళ్ళ క్యాన్. కింద, రెండు నిలువుల లోతులో, మా ఆయన.

పక్క బిల్డింగు కూలీలు తాళ్ళు తెచ్చి పైకి తీశారు. నాడి అందీ అందనట్టు ఉంది. దవడ రెండు చోట్ల విరిగింది. నాలుక వాచి నోరంతా నిండిపోయింది.

దవాఖానలో డాక్టరును అడిగాను, ఆ స్థితిలో నోటితో కూయగలడా అని. ఆయన నా వంక జాలిగా చూశాడు. "సిస్టర్, మీకు నేను చెప్పాలా? పడ్డప్పుడే స్పృహ పోయి ఉంటుంది. ఆ నోటితో ఊపిరి తీసుకోవడమే గొప్ప. ఇంకో గంటయితే అదీ ఉండేది కాదు."

దవడ కట్లు విప్పి మాట వచ్చాక మా ఆయన్ను అడిగాను. పొదల్లో ఏదో కదిలితే చూద్దామని దారి వదిలి పక్కకు వెళ్ళాడట. కాలు జారడం వరకే గుర్తుంది. కూసిన సంగతి తెలియదు.

మా పాస్టరుగారు దేవుడు జవాబిచ్చాడన్నారు. అవ్వ మైసమ్మ తల్లి పిలిచిందని ఆ గుంత దగ్గర కొబ్బరికాయ కొట్టింది. మా ఆయన, నిజంగా ఒక పిట్ట ఉందేమో అంటాడు. ఏ పిట్టకు పన్ను విరిగి ఉంటుంది? ముగ్గురి ముందూ తలూపుతాను గానీ నాకు ఏదీ సరిపోలేదు. నా చెవులతో విన్నాను, నాతోపాటు ఇంకొక మనిషి విన్నది. అంతకు మించి నేనేమీ చెప్పలేను.

ఇది రాస్తుంటే వంటింట్లో ఆయన మెత్తగా కలిపిన పెరుగన్నం తింటున్నాడు. ఒక్కో ముద్దకూ దవడ టక్కుమంటోంది. మొదట్లో ఆ చప్పుడు భరించలేకపోయేదాన్ని. ఇప్పుడది ఆగితే, పెన్ను కింద పెట్టి తొంగి చూస్తున్నాను.