పంద్రాగస్టు నాడు లేచి వెళ్లిపోయిన డాక్టరమ్మ

మొన్నొక సాయంత్రం టీవీలో వార్తలు చూస్తున్నాను. ఒక పెద్ద దేశం సైన్యం పక్కనున్న చిన్న దేశంలోకి బారులు బారులుగా పోతోంది. ఈ వయసులో నాకు ఆ దేశాల పేర్లు నోరు తిరగవు, ఎవరిది న్యాయమో తేల్చేంత తెలివీ లేదు. కానీ ఆ వార్తలు చదివే అమ్మాయి, కొన్ని ఊళ్లలో జనం ఎదురువచ్చి ఆ సైనికులకు పూలిచ్చారట అని ఒక్క ముక్క అనేసి, ఏమీ కానట్టు బంగారం ధరలోకి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ పూల దగ్గరే ఆగిపోయాను. మా ఆయన అన్నానికి రమ్మని పిలిచారట, వినిపించలేదు. ఇంట్లోకి చొరబడేవాడికి పూలివ్వడమేమిటి? ఇదే ప్రశ్న పంతొమ్మిది వందల అరవైల మధ్యలో నా క్లాసులో ఒక పిల్ల అడిగింది. అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను, సరైన జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. మీలో నా ఈడు వాళ్లకు ఎవరికైనా తోస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను హాలియా అవతల ఒక చిన్న టౌనులో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరుని. సాగర్ కాలువ తవ్వుతున్నారు గానీ నీళ్లింకా రాలేదు, చుట్టూ చెలకలే, జొన్నా ఆముదమూ. మాది మగ్గం ఇల్లు. బాపు, అన్న ఇద్దరూ నేసేవాళ్లు. ఇంటిల్లిపాదిలో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి నాకు కొంచెం పొగరుండేది, బాపు దాన్ని చూసి లోలోపల మురిసేవాడు, అన్న పైకే విసుక్కునేవాడు. వదినది కోస్గి. తల్లి లేని పిల్ల, పురుడు పోసే దిక్కు పుట్టింట్లో లేదు. అప్పటికే రెండు కాన్పులు పోయాయి, ఇద్దరు పిల్లలూ కడుపులోనే చనిపోయారు. మూడోసారి నిలిచినప్పుడు మిషన్ దవాఖాన డాక్టరమ్మ, నొప్పులు మొదలవగానే తన దగ్గరికి తీసుకురావాలనీ, ఆలస్యం చేస్తే తల్లి కూడా దక్కదనీ బాపుకు ఖండితంగా చెప్పింది. ఆ ఏడాది మా ఇంట్లో మగ్గం చప్పుడు తప్ప ఇంకో చప్పుడు వినిపించేది కాదు, వదిన ఎక్కడ ఉలిక్కిపడుతుందోనని అందరం మెల్లగా నడిచేవాళ్లం.

ఆ డాక్టరమ్మ గురించి చెప్పాలి. పోలీసు చర్య అయిన కొన్నేళ్లకు ఎక్కడినుంచో వచ్చి ఆ మూడు గదుల దవాఖానలో దిగిందట. ఎర్రటి మనిషి, నెరిసిన జుట్టు, గౌను మీద తెల్లకోటు. ఊళ్లో సగం మంది ఆమెను ఇంగ్లీషు దొరసాని అనుకునేవారు. నేను చదువుకున్నదాన్ని కదా, మందుల పెట్టెల మీద అచ్చు చూసి జర్మనీ అని తేల్చాను, అందరికీ చెప్పాను కూడా. తెలుగు రోగుల దగ్గరే నేర్చుకుంది కాబట్టి మా అవ్వ మాట్లాడినట్టే మాట్లాడేది. జర ఓర్చుకో బిడ్డా, ఫికర్ జేయకు అంటూ ఆమె సూదిమందు వేస్తుంటే కొత్తవాళ్లు నొప్పి మరిచి నవ్వేవారు. తేలు కుట్టినా, నాగలి కర్రు దిగినా, పురిట్లో బిడ్డ అడ్డం తిరిగినా చుట్టుపక్కల ఆమె తప్ప దిక్కు లేదు. నల్లగొండకు పోవాలంటే మధ్యాహ్నం దాకా బస్సు ఉండేది కాదు.

ఆ ఏడు పై తరగతికి యూరప్ పాఠం చెబుతున్నాను. జర్మనీ నియంత పక్కనున్న చిన్న దేశాన్ని ఒక్క తుపాకీ పేలకుండా కలుపుకున్నాడని, అక్కడి జనం పూలు చల్లి స్వాగతం చెప్పారని పుస్తకంలో రెండే రెండు వాక్యాలు. నేను వాటిని గబగబా దాటబోయాను గానీ, ముందు బెంచీ పిల్ల లేచి, దొంగ వస్తే పూలెవరు చల్లుతరు టీచర్ అంది. క్లాసంతా నా ముఖం చూసింది. వాళ్ళూ వీళ్ళూ ఒకే భాష వాళ్లని ఏదో చెప్పాను. అయితే మరి సైన్యంతోటి వచ్చుడెందుకు అని ఇంకో పిల్ల. గంట కొట్టారు, బతికిపోయాను. మా పెద్ద టీచరమ్మ, అంటే హెడ్‌మిస్ట్రెస్, ఉర్దూలో చదువుకున్న పాతకాలపు మనిషి. ఆమెను అడిగితే, గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందమ్మా అని నవ్వేసి, అది పరీక్షకు రాదులే అని కూడా ధైర్యం చెప్పింది.

పంద్రాగస్టు దగ్గరపడింది. సరిహద్దులో యుద్ధం వస్తుందని రేడియోలో రోజూ మాటలు, ఊరంతా పూనకం వచ్చినట్టు ఉండేది. బడుల్లో కుడిచేయి ముందుకు చాచి ప్రతిజ్ఞ చేయించడం అప్పుడప్పుడే మొదలైంది, మా బళ్లో ఆ బాధ్యత నాకు అప్పగించారు. నేను ఊరుకునే రకాన్నా? ఎండలో నిలబెట్టి, వందల చేతులు ఒక్కసారే లేచి ఒక్కసారే దిగేదాకా వదల్లేదు. సాగదీసిన పడుగు దారాల్లా ఒక్క చేయి ఎక్కువా తక్కువా లేకుండా తయారుచేశాను. ముఖ్య అతిథిగా డాక్టరమ్మను పిలుద్దామన్నదీ నేనే.

ఆ రోజు ఊరు ఊరంతా వచ్చింది. బియ్యం మిల్లు పెద్దాయన, అప్పుడు ఊరికి సర్పంచు కూడా ఆయనే, ముందు కుర్చీలో కూర్చున్నాడు. జెండా ఎగరేశారు. జెండాకు డాక్టరమ్మ అందరికన్నా నిటారుగా నిలబడి వందనం చేసింది, అది నేను కళ్లారా చూశాను. తర్వాత నేను విజిల్ ఊదాను. చేతులన్నీ ఒక్కసారి లేచాయి. డాక్టరమ్మ ఆ చేతుల వైపు చూసింది. కుర్చీ పట్టుకుని ఒక క్షణం నిలబడి, పిల్లలు మొదటి వాక్యం పూర్తిచేసేలోపల మెట్లు దిగి, వరుసల మధ్యగా తలవంచుకుని గేటు దాటి వెళ్లిపోయింది. పిల్లలు ఆగలేదు, నేను అంత బాగా నేర్పాను మరి.

ఇక ఊరికి చెప్పాలా. దేశాన్ని అవమానించింది అన్నాడు మిల్లు పెద్దాయన. సాయంత్రానికి ఆమె గూఢచారి అన్నారు. మర్నాటికి ఆమె దవాఖానలో రేడియో పెట్టి శత్రువుకు కబుర్లు పంపుతోందని, చూసినట్టే చెప్పారు. క్షమాపణ చెప్పేదాకా ఎవరూ ఆ గడప తొక్కకూడదని కట్టడి పెట్టి, గేటు దగ్గర పడుచు కుర్రాళ్లకు కర్రలిచ్చి కాపలా ఉంచారు. నాకు మతిపోయింది. వాళ్లెవరూ రౌడీలు కారు. ఒకడు మా బడి ముందు సైకిళ్లు బాగుచేసేవాడు, ఒకడి విరిగిన కాలికి పోయినేడే ఆమె కట్టు కట్టింది. వాళ్లలో మా అన్న కూడా ఉన్నాడు. ఇంట్లో ఎనిమిదో నెల దాటిన భార్యను పెట్టుకుని అక్కడికెట్లా పోతావని నేను కేకలేస్తే, అందరూ పోయినంక నేనొక్కణ్ణి ఇంట్ల కూసుంటే ఏమనుకుంటరు, నొప్పులొస్తే నల్లగొండ తీస్కపోత అన్నాడు. అంతేగానీ డాక్టరమ్మ మీద ఒక్క చెడ్డమాట అనలేదు, నన్ను ఎక్కువ తికమక పెట్టింది అదే. కోపం ఉంటే సరే, కోపమే లేకుండా కర్ర ఎందుకు పట్టుకున్నాడు?

ఒక మధ్యాహ్నం వెనక కంచె దాటి ఆమె దగ్గరికి పోయాను. మంచాలు ఖాళీ. నేలను తుడుస్తూ కనిపించింది. ఎందుకట్లా లేచి వెళ్లిపోయారని అడిగాను, కొంచెం నిష్ఠూరంగానే. ఆమె చేతులు తుడుచుకుని చెప్పింది. తనది జర్మనీ కాదట, నా పాఠంలోని ఆ చిన్న దేశమేనట. నేను మేకులు కొట్టి గోడకు పటం వేలాడదీసి చూపించే దేశం నుంచి వచ్చిన మనిషి ఇన్నేళ్లూ మా వీధి చివరే ఉంది! ఆ సైన్యం వచ్చిన రోజు ఆమె వైద్యం చదువుకునే పిల్ల. తమ వీధంతా పూలు చల్లింది, తాను చదివిన బడి పిల్లలు వరుసగా నిలబడి కుడిచేయి చాచారు. వాళ్ల నాన్న తాతముత్తాతలది ఆ నియంతకు గిట్టని మతం, ఆయన చేయి ఎత్తలేదు. మర్నాడు ఇరుగుపొరుగువాళ్లే, నిన్నటిదాకా ఆయన దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్లే, ఆయన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టి చిన్న బ్రష్షుతో రోడ్డు కడిగించారు. చుట్టూ నిలబడి నవ్వినవాళ్లలో తనతో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితురాలు ఉంది. కొన్నాళ్లకు ఆయన్ను తీసుకుపోయారు, మళ్లీ రాలేదు.

"మీ పిల్లల తప్పు లేదు బిడ్డా. వాళ్లవి మంచి మాటలే. నా కండ్లకు చేతులే కనవడ్డయి, మాటలు ఇనవడలే" అంది.

మరి వాళ్లు పూలెందుకు చల్లారని అడిగాను. పాఠం చెప్పుకునే దానిలా ఆ ప్రశ్నే అడిగాను చూడండి, ఎంత మొద్దునో. ఆమె నేల తుడిచే గుడ్డను మళ్లీ నీళ్లలో ముంచి పిండుతూ, "గదే నేను కూడా ఇన్నేండ్ల సంది నన్ను నేను అడుగుతున్న" అంది.

ఈ సంగతి ఊళ్లో చెబితే అర్థం చేసుకుంటారని పరుగున పెద్ద టీచరమ్మ దగ్గరికి పోయాను. ఆమె నా కన్నా లోకం చూసింది, రజాకార్ల రోజులూ చూసింది, ఆ తర్వాతి రోజులూ చూసింది. మేము ఆ దుర్మార్గులతో సమానమా అని ఇంకా మండిపడతారమ్మా, చెప్పకు అంది. బాపు మాత్రం, చెప్పు అన్నాడు. ఒకరు వద్దంటారు, ఒకరు సరే అంటారు. చెప్పాలా వద్దా అని నేను ఊగిసలాడుతుండగానే ఒక పొద్దున వదినకు నొప్పులొచ్చాయి.

నెలలు ఇంకా నిండలేదు. ఉమ్మనీరు పోయింది. అన్న అప్పటికే గేటు దగ్గరికి వెళ్లాడు. బాపు ఎడ్లబండిలో గడ్డి పరిచి, దుప్పటి వేసి, వదినను పడుకోబెట్టి, నల్లగొండ మాటే ఎత్తకుండా నేరుగా దవాఖానకు తోలాడు. నేను వదిన తల ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకున్న పట్టుకు గాజులు చిట్లాయి. గేటు దగ్గర కుర్రాళ్లు బండిని చూసి కర్రలు దించారు, కానీ దారి ఇవ్వలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని అందరూ అన్న ముఖం చూశారు. అన్న నేలను చూస్తూ నిలబడ్డాడు. ఎవరో పరిగెత్తి మిల్లు పెద్దాయనను పిలుచుకొచ్చారు. ఆయన వదినను చూసి నిజంగానే అయ్యో అన్నాడు. అని, నేను మాత్రం ఏం చేయను, ఊరి మాట కదా, డాక్టరమ్మ ఇక్కడ అందరి ముందు చెయ్యెత్తి ప్రతిజ్ఞ చేస్తే ఇప్పుడే గేటు తీయిస్తానన్నాడు.

బాపు బండి దిగాడు. జీవితంలో ఎవరితోనూ గొంతు పెంచని మనిషి. "వాడు నా కొడుకు గాదు అనుకుంట. గేటు నేనే తీస్త, కొడితే కొట్టుండ్రి" అని కదిలాడు. ఒక అడుగు వేశాడో లేదో, మిల్లు పెద్దాయన మాట విన్నట్టుంది, లోపలినుంచి డాక్టరమ్మ వచ్చింది. ఆమె మిల్లు పెద్దాయనను చూడలేదు, అన్నను చూడలేదు. గేటు ఊచల్లోంచి వదినను చూసింది. అంతే, కుడిచేయి చాచింది.

ప్రతిజ్ఞ ఆమెకు రాదు. చెప్పించమని అందరూ నావైపు తిరిగారు. వదిన అరుస్తోంది. నేను ఒక్కొక్క వాక్యం చెప్పాను, ఆమె ఒక్కొక్క వాక్యం మా అవ్వ యాసలో పలికింది. అంత మంచి మాటలు నా నోట్లో అంత చేదుగా ఎందుకున్నాయో, అవి అబద్ధమైనవి కావు కదా. ఆమె చివరి మాటదాకా చేయి దించలేదు. ముగియగానే కుర్రాళ్లు సంబరంగా చప్పట్లు కొట్టారు. గేటు తెరిచారు. అది చాలక, ఆమె దవాఖాన కంచెకున్న గన్నేరు పూలే తెంపి ఆమె మీద చల్లారు, జిందాబాద్ అని కూడా అన్నారు. వాళ్ల ముఖాల్లో ఎంత ప్రేమ! ఎగతాళి కాదు, నిజమైన ప్రేమే. ఆమె పూలు దులుపుకోలేదు, దులుపుకునే సమయం లేదు. బండిని తానే ముందుండి లోపలికి నడిపించింది.

లోపల నేను చెంబుతో నీళ్లు పోస్తుంటే సబ్బుతో చేతులు కడుక్కుంది. నాకు ఏడుపు ఆగడం లేదు, ఏదో అనబోయాను. "తర్వాత ఏడుద్దువు బిడ్డా. నీళ్లు పొయ్యి, ఆలస్యమైతాంది" అంది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఏడుపు వినపడ్డాక అన్న వరండాలో గోడకు ఆనుకుని కూలబడి పిల్లకన్నా గట్టిగా ఏడ్చాడు. ఆమె వచ్చి వాడి తల మీద చేయి వేసింది, ఆ కుడిచేయే. లోపలికి పోయి బిడ్డను చూసుకోమంది. మర్నాటినుంచి మంచాలు మళ్లీ నిండాయి. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు, కర్రలు పట్టుకున్నవాళ్ల ఇంటి ఆడవాళ్లకు కూడా పురుళ్లు పోసింది. ఆ సంగతి మాత్రం మా ఊళ్లో ఎవరూ, ఎప్పుడూ ఎత్తలేదు. కొన్నేళ్లకు ఒంట్లో బాగాలేక వెళ్లిపోయింది. ఎక్కడికి వెళ్లిందో, ఆ చిన్న దేశానికేనా అని అడిగే ధైర్యం కూడా మాకు చాలలేదు.

ఇప్పుడా దవాఖాన ఉన్నచోట ఫంక్షన్ హాలు వెలిసింది. కాలువ నీళ్లొచ్చి ఊరు పచ్చబడింది, నాలుగు దవాఖానలయ్యాయి, అర్ధరాత్రి అయినా కారులో నల్లగొండ పోవచ్చు. ఒక్క మనిషి మీద ఊరంతా ఆధారపడే రోజులు పోయాయి, మంచిదే. కానీ అట్లాంటి మనిషి పోయినందుకు బెంగపడే ఊరు కూడా పోయినట్టుంది. వదిన నిండా బతికింది. ఆ పిల్ల మేళ్లచెరువులో సంసారం చేసుకుంటోంది, ఇదంతా తనకు తెలియదు. అన్న పోయే ముందు ఒకనాడు నన్ను దగ్గరికి పిలిచి, "గా దినం ఆమె చెయ్యెత్తకున్నా నేను గేటు తీసేటోన్నే చెల్లె" అన్నాడు. తీసేవాడివే అన్నా అన్నాను. తీసేవాడేనేమో. అన్న చెడ్డవాడు కాడు, మేమెవ్వరం చెడ్డవాళ్లం కాము. కానీ తీసేవాళ్లమో కాదో ఇక మాకు ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే ఆ రోజు గేటు దగ్గర ఆమె మా కోసం ఆగలేదు.