ఎనభై గళ్ళ దారి

ఆ ప్రయాణం మేము చేయలేదు. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా ఆశపెట్టి ఆఖరి పేజీలో చెయ్యి విదిలించే రాతలంటే నాకు ఒళ్ళు మంట.

తిరుత్తణి నుంచి శ్రీపెరుంబుదూరు అవతల ఉన్న మోటార్ సైకిల్ ఫ్యాక్టరీకి ఎనభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇప్పటి పిల్లలు హిమాలయాలకే బండి వేసుకుని పోతున్నారు. మా ఆయన ఈ ఎనభైకి మూడు నెలలు ప్లాను వేశాడు. ఆయన పట్టుచీరలు నేస్తాడు, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నేను ప్రైవేటు స్కూల్లో అరవ మీడియం పిల్లలకు భూగోళం చెబుతాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా మా ఇద్దరి మధ్య ఒక మగ్గం, ఒక మోటార్ సైకిల్, తెగని వాదన ఉన్నాయి.

ఆ ఫ్యాక్టరీ మా బండి కంపెనీవాళ్ళదేననీ, నెలకొక శనివారం దాంట్లోకి బయటివాళ్ళను రానిస్తారనీ బండి మెకానిక్కు చెప్పాడు. ఆ రోజు నుంచి మా ఆయనకు అదే ధ్యాస.

“ఫ్యాక్టరీలో చూసేదానికి ఏముండాది మామా? ఇనుము. మన ఇంట్లో ఉండే ఇనుము చాలదా?” అన్నాను.

“నేను నేసిన చీర ఎవురు కట్టినారో ఒక్కటన్నా నాకు తెలుసునా మే? అంగడోడి చేతికి ఇస్తాను, వస్తాను. అంతే. ఈ బండి చేసినోళ్ళకన్నా తెలియాల కదా, అది ఇంకా తిరగతా ఉండాదని.”

“దీన్ని చేసినోళ్ళు ఈపాటికి మనవళ్ళను ఎత్తుకొని తిరగతా ఉంటారు. ఆ ఫ్యాక్టరీ నిన్న మొన్న కట్టింది. నీ బండి పుట్టింది ఆడ కాదు.”

“సరి, పుట్టినిల్లు కాకపోతే మేనమామ ఇల్లు అనుకో.”

దానికీ నా దగ్గర జవాబుంది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే లేచి పోవాల్సి వచ్చింది.

దారిని ఆయన చీర అంచులకు డిజైను వేసే గ్రాఫు కాగితం మీద గీశాడు. కిలోమీటరుకు ఒక గడి. టీ తాగే చోట ఆకుపచ్చ, పెట్రోలు బంకుకు ఎరుపు, నేను నడుం నొప్పని గొణిగే చోట పసుపు. పసుపు గళ్ళు మరీ ఎక్కువగా ఉన్నాయి, అది వేరే సంగతి. నేను స్కూలు నుంచి వచ్చి ఎర్ర పెన్ను తీసుకుని దిద్దబోయాను. కాగితమంతా తప్పే. ఎడమ పక్క ఉండాల్సిన పూండి చెరువు కుడి పక్క ఉంది, కుడి పక్క ఉండాల్సిన రైలు కట్ట ఎడమ పక్క ఉంది. తిరువళ్ళూరులో కుడికి తిరగాల్సిన దారి ఎడమకు తిరిగింది.

“నీ మ్యాపు పట్టుకొని పోతే ఫ్యాక్టరీకి కాదు, పెరియపాళయం అమ్మవారి దగ్గర దిగుతాము. ఆరో క్లాసు పిల్లోళ్ళు నీకంటే మేలు.”

ఆయన కాసేపు కాగితాన్నే చూశాడు. తరువాత నవ్వాడు.

“మగ్గం మీద చీర ముఖం కిందికి కదా ఉంటుంది. నాకు కనపడేది ఎప్పుడూ వెనక పక్కే. గ్రాఫు అట్లే వేసినాను. కిటికీకి ఆనించి అవతల పక్క నుంచి చూడు.”

చూశాను. వెలుతురులో వెనక నుంచి చూస్తే చెరువు, రైలు కట్ట, మలుపు అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. నాకు ముచ్చటేసింది. మరుసటి రోజు స్టాఫు రూములో మా ఆయన తెలివి గురించి గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఇంకో ఇంటి ఆడమనిషి అయితే మొగుడిని ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకుపోయేది. నేను నేతగాళ్ళ ఇంట్లో పుట్టి నేతగాళ్ళ ఇంట్లో పడినదాన్ని. లోకాన్ని తిరగేసి గీయడం నాకు జబ్బులా కనిపించలేదు. ఆ జవాబు ఇచ్చే ముందు ఆయన కాగితాన్ని అంతసేపు ఎందుకు చూశాడని అప్పుడు నేను అడగలేదు. అడగకుండా వదిలిన ప్రశ్న నా జన్మలో అదొక్కటే.

మెకానిక్కు బండికి కొత్త క్లచ్ తీగ వేసి, చైను మార్చి, తుడిచి పెట్టాడు.

“అన్నా, ఈ బండిని చూస్తే ఫ్యాక్టరీవాళ్ళు అద్దాల పెట్టెలో పెట్టుకుంటారు. నిన్ను కూడా విడిచిపెట్టరు.”

“ఆయనను పెట్టుకుంటే పెట్టె నేనే కొనిస్తాను,” అన్నాను.

“వదినా, అప్పుడు నువ్వు ఎవురితో పోట్లాడతావు?”

ముగ్గురం నవ్వాం. అంతా సిద్ధమైంది, ఫ్యాక్టరీ చూడడానికి ఫారం కూడా నేనే నింపాను. కానీ నా బుద్ధి ఊరుకోదు. ఈ మధ్య బండి మీద దూరం పోలేదు కదా, ముందు తిరువళ్ళూరు దాకా పోయి వచ్చి నిరూపించు, అప్పుడు మాట్లాడు అని పట్టుబట్టాను. ఆయన వద్దన్నాడు. నేరుగా ఫ్యాక్టరీకే పోదామన్నాడు. నేను వదల్లేదు. వాదనలో గెలిచాను.

ఆదివారం ఉదయం బయలుదేరాం. కనకమ్మ సత్రం దాకా బ్రహ్మాండంగా తోలాడు. గేరు మార్చడం, లారీని దాటడం, ఆ చేతులూ కాళ్ళూ ఏదీ మరిచిపోలేదు. నేను కూడా పసుపు గళ్ళ దగ్గర నోరు మూసుకుని కూర్చున్నాను. తిరువళ్ళూరులో ఊళ్ళోకి ఒక దారి, బయటికి ఒక దారి చీలే చోటు వచ్చింది. అక్కడి చీరల అంగడికి ఆయన ఇరవై ఏళ్ళు వారం వారం సరుకు తీసుకుపోయాడు. ఆ మలుపులో ఆయన అటు పోవాల్సింది ఇటు పోయాడు.

“ఇట్ల కాదు మామా.”

“ఇదే దారి.”

“కాదంటా ఉండాను కదా.”

“ఊరకుండు మే. నాకు తెల్దా?”

వాదించుకుంటూనే రోడ్డుకు తప్పు పక్కన ఎక్కేశాం. ఎదురుగా బస్సు. డ్రైవరు అరవంలో మా ఇద్దరి పుట్టుక గురించి ఏదో అన్నాడు. మా ఆయన బండిని మట్టిలోకి దించి ఆపేశాడు. రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

“కుడి అంటే యా పక్క మే?”

ఎగతాళి కాదది. తనకు తెలియని దాన్ని తెలిసినవాళ్ళను అడిగినట్టు, మర్యాదగా అడిగాడు. డాక్టరు తరువాత తల స్కాను ఫిలిం చూపించి చాలా చెప్పాడు. ఈ మరుపు ముందుకు పోయేదే కాని వెనక్కి వచ్చేది కాదన్నాడు. డాక్టరు చెప్పాల్సిన పని లేదు. ఆ రోడ్డు పక్కనే నాకు సగం తెలిసింది, ఆయనకు అంతకు ముందే మొత్తం తెలుసనీ తెలిసింది.

నేను ఆయన కుడి భుజం మీద తట్టాను. కుడికి తిప్పాడు. ఎడమ భుజం మీద తడితే ఎడమకు. అట్లా తట్టుకుంటూ రైల్వే స్టేషన్ చేరాం. బండిని స్టాండులో పెట్టాం, మెకానిక్కు వచ్చి తెచ్చుకుంటాడని. తాళం ఆయనే తీసి నా చేతిలో పెట్టాడు.

ఇంటికి పోయే రైలు కడంబత్తూరు దాటింది. ఆ తరువాత ఆయన అన్నాడు.

“భుజం మీద నువ్వు తడతా ఉంటే పోవచ్చు కదమే, ఫ్యాక్టరీకి. ఎంత, ఎనభై.”

కాదనడానికి నాకు నూరు కారణాలున్నాయి. బస్సు గుర్తొచ్చింది. ఆయన ముఖం చూశాను.

“సరే మామా, వచ్చే నెల పోదాం,” అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు.

“నువ్వు వాదించలేదు,” అన్నాడు. “అంటే అయిపోయినట్టే.”

వాదించడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు ఊరికే మూయలేక, ఎదురు సీట్లో కూర్చున్న ఆవిడను అరవంలో అడిగాను, ఈ రైలు తిరుత్తణి పోతుందా, అరక్కోణంలో దిగి మారాలా అని. ఆవిడ ఫోను మీద నుంచి తల ఎత్తేలోపు ఆయనే చెప్పాడు, కిటికీ బయటికి చూస్తూ.

“మారే పనిలేదు మే. ఇది నేరా పోతుంది.”

ఆయన చెప్పింది నిజమే.