అక్క తట్టల్లో మిరియపు చుక్కలు

పట్టుపురుగుల రోగాన్ని పట్టుకోవడంలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్లూ గాలించినా నాకున్నంత కన్ను ఇంకొకరికి లేదు. హిందూపురం పట్టుగుడ్ల కేంద్రంలో ఇరవై ఏళ్లకు పైగా మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. ఒక్క రోగపు గింజ కూడా నా కన్నుగప్పి గడప దాటలేదు. ఈ మాట టీ అంగడిలో చెప్పాను, పెళ్లి పందిళ్లలో చెప్పాను, ఒకసారి బస్సులో పక్కన కూర్చున్న పళ్ల డాక్టరుకు కూడా చెప్పాను. ధర్మవరం దాకా టికెట్టు తీసుకున్న ఆ పెద్దమనిషి పెనుకొండలోనే దిగిపోయాడు.

నా పని ఏమిటో ముందు చెప్తాను. గూడు తొలుచుకుని బయటికి వచ్చిన రెక్కల పురుగు ఒక కాగితం మీద గుడ్లు పెడుతుంది. ఏ తల్లి గుడ్లు ఏవో తెలిసేలా ఒక్కోదాని మీద చిన్న మూత బోర్లిస్తాం. గుడ్లు పెట్టేశాక ఆ తల్లిని చిన్న రోట్లో నూరి, ఒక బొట్టు గాజు పలక మీద వేసి, మైక్రోస్కోపు కింద చూడాలి. ఏమీ లేకపోతే గుడ్లు రైతుకు. కోలగా, నిగనిగలాడే గింజ ఒక్కటి కనబడినా ఆ తల్లి గుడ్లన్నీ నిప్పుల్లోకి. ఆ గింజ తెచ్చే రోగం పేరు పెబ్రిన్. పురుగు ఒంటి మీద మిరియప్పొడి చల్లినట్టు నల్ల చుక్కలు లేపుతుంది.

కంటికి ఆనని ఆ గింజ లోపల ఒక దారం చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఆకుతోపాటు పురుగు కడుపులోకి పోగానే గింజ ఆ దారాన్ని బయటికి విసురుతుంది. దారం నిజానికి సన్నని గొట్టం. దాని మొన పురుగు జీవకణంలో గుచ్చుకుంటే, గింజలోని సారమంతా ఆ గొట్టంలోంచి అవతలికి జారిపోతుంది. ఇక అక్కడే కాపురం. దానికి సొంత పొయ్యి లేదు. జీవకణం వండుకున్నది తిని పిల్లలను పెడుతుంది, ఆ పిల్లలు మళ్లీ గింజలవుతాయి. ఇంకో రోగం ఉంది, సున్నపు రోగం. అది బూజు. గాలిలో వచ్చి చర్మం మీద వాలి, చల్లని తేమ దొరికితే మొలకెత్తి, చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. చచ్చిన పురుగు సుద్దముక్కలా తెల్లగా బిగుసుకుంటుంది. బూజు వచ్చేది బయటి నుంచి. పెబ్రిన్ ఆకు మీద నుంచీ వస్తుంది, తల్లి కడుపులో నుంచీ వస్తుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, మా అక్క కథంతా దాని మీదే ఉంది.

అక్క నన్ను పెంచింది. అమ్మ పోయేనాటికి నాకు ఊహ లేదు. బావ కూడా తొందరగానే పోయాడు. పెనుకొండకు దగ్గరి పల్లెలో కొంచెం మల్బరీ తోట, ఒక గది నిండా తట్టలు, తట్టల నిండా పురుగులు, అదీ ఆమె సంసారం. పురుగులు మేత మానేసి తలలెత్తి కదలకుండా ఉండే రోజులను మావాళ్లు జ్వరం అంటారు. గూడు కట్టేలోగా పురుగు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది, ప్రతిసారీ ముందు ఒక జ్వరం. ఆ రోజుల్లో అక్క గదిలోకి వెళ్తే గుసగుసగా మాట్లాడేది, పిల్లలను పడుకోబెట్టినదానిలా.

తొంభైల చివర్లో నా కూతురి పెళ్లి కుదిరింది. మా వైపు మేనత్త చీర పెట్టాలి. అక్క నా దగ్గరికి వచ్చి, "ఈసారి అంగట్లో కొనేది ల్యా. నా పురుగులు కట్టిన గూళ్లతోనే దారం తీపిచ్చి, ధర్మవరంలో నేపిచ్చి పెడతా. నువ్వు మంచి గుడ్లు సూసి తెచ్చియ్యి, చాలు" అంది. అన్నేళ్లు పట్టుపురుగుల్ని సాకిన మనిషి. ఒంటి మీద ఏనాడూ పట్టు లేదు.

అన్నింటికంటే మంచివే ఏరి తెచ్చాను. ఎట్లా ఏరానో ఇప్పుడు చెప్పాలి.

ఆ వారం చిలమత్తూరు వైపు రైతులు కొందరు కేంద్రం చూడడానికి వచ్చారు. నేను మైక్రోస్కోపు పక్కకు జరిపి, "ఇదంతా కొత్తోళ్లకప్పా. నేను రెక్క జూసి చెప్తా" అన్నాను. వాళ్లు నోళ్లు తెరిచారు. నోళ్లు తెరిచిన మనుషులను చూస్తే నాకు ఒళ్లు తెలియదు. బొద్దుగా, తెల్లగా, రెక్కలు సమంగా ఉన్న నాలుగు తల్లుల్ని చూపించి, "ఇవి బంగారం" అన్నాను. నూరలేదు. గాజు పలక మీద వేయలేదు. ఆ నాలుగింటి గుడ్లే అక్కకు తీసుకుపోయాను, మా ఇంటి ఆడబిడ్డ చీరకు అందమైన తల్లుల గుడ్లే కావాలని.

గింజ నా కన్నుగప్పి గడప దాటలేదన్న మాట ఒక రకంగా నిజమే. కన్నే పెట్టనప్పుడు కప్పేదేముంది?

మూడో జ్వరం దాటిన ఆదివారం పల్లెకు పోయాను. అక్క గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏమిరా, అన్నిటికీ ఒకే ఆకు కదా ఏసింది. ఒగటి వేలంత, ఒగటి గోరంత. ఎందుకిట్లుండాది?"

తట్ట మీదికి వంగాను. గోరంత పురుగు వీపున మిరియపు చుక్కలు.

"చలిగాలక్కా. ఆకు తడిసుంటాది."

"తడి ఆకు నేనెప్పుడేసినారా?"

తట్టలన్నీ తెల్లగా ఉన్నాయి. సున్నపు రోగం అనుకుని అక్క రెండు రోజులుగా సున్నప్పొడి చల్లుతోంది. మావైపు పురుగు నలతగా ఉంటే ముందు చేసేది అదే. బూజుకైతే సున్నం పనిచేస్తుంది, తేమ లాగేస్తుంది. పురుగు కడుపులో కాపురం పెట్టినదాన్ని అదేం చేస్తుంది? ఈలోగా రోగపు పురుగుల పెంట పడిన ఆకునే పక్క పురుగులూ తింటున్నాయి.

ఎదురింటామె వాకిట్లో నిలబడి, నాకు వినబడాలనే అంది: "పెండ్లి చీరకని మొగుడు లేని చెయ్యి ఆకేస్తే, ఇంగెట్లయితాది?"

అక్క చేతులను కొంగులో చుట్టుకుంది. అది చూసి కూడా నేను నోరు విప్పలేదు. "రెండు దినాలు చూద్దాం, తగ్గకుంటే కాల్చేద్దాం" అని సాయంత్రం బస్సెక్కేశాను.

మర్నాడు పొద్దున్నే అక్క హిందూపురంలో కేంద్రం గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో కుంకుమ భరిణె. బావ పోయినప్పటి నుంచీ ఖాళీగా పడి ఉన్నదాంట్లో లేత ఆకు పరిచి, గోరంత పురుగును పెట్టుకొచ్చింది.

"దీన్ని నూరి చూడు. నాకూ చూపించు. చూడందే ఒగ పురుగును కూడా కాల్చను."

నూరాను. చూశాను. గాజు పలక నిండా మెరుపులే. లేచి అక్కను నా పీట మీద కూర్చోబెట్టాను. మొదట మూయాల్సిన కన్ను తెరిచి, తెరవాల్సింది మూసుకుంది. తర్వాత కుదిరింది. చాలాసేపు కదల్లేదు.

"సన్న బియ్యం ఎవురో చల్లినట్లుండాదే. ఇది బూజు కదరా?"

"బూజు కాదక్కా! ఏకకణ జీవి. పుస్తకంలో ఉంది" అని నవ్వాను, ఆ స్థితిలోనూ.

"ఊరగాయ జాడీలో బూజు అంటుకున్యాక ఎంత కడిగినా యాడో ఒగ మూల మిగిలిపోతాదే, అట్లాంటిదేనా అని అడిగినా." తర్వాత చూపు గాజు పలక మీది నుంచి తీయకుండానే అడిగింది. "నా చెయ్యి మంచిది కాదని వచ్చిందా ఇది?"

అప్పుడు నేను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. "కాదక్కా. ఇది తల్లి కడుపులోంచి గుడ్డులోకి వచ్చింది. ఆ తల్లిని చూడాల్సినవాణ్ణి నేను. చూడలేదు. తప్పు నాది" అన్నాను. ఇద్దరి కళ్లలో నీళ్లు. పక్క టేబుళ్ల వాళ్లు కూడా పని ఆపేశారు.

ఆ పురుగులన్నిటినీ తోట చివర కాల్చేశాం. తట్టలు ఎండబెట్టి, గది కడిగి మందు కొట్టి, కొన్నాళ్లు ఖాళీగా ఉంచాం. మళ్లీ పెట్టినప్పుడు ఒక్కో తల్లినీ రెండేసి సార్లు చూశాను, మెడ పట్టేసింది. గూళ్లు బాగా వచ్చాయి. హిందూపురంలో తెలిసినాయన విడిగా దారం తీసిచ్చాడు. ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నేతగాడు ఆ దారాన్ని వేళ్ల మధ్య రాసి చూసి, "ఎవురు మేపినారప్పా?" అని అడిగాడు. అక్క "నేనే" అంది, అంతే. వంకాయ రంగు చీర, పసుపు అంచు. పెళ్లికి అందలేదు. నా కూతురి సీమంతానికి అందింది. అక్క తన చేత్తోనే పిల్ల భుజం మీద వేసింది. ఎదురింటామె ఆ రోజు కూడా వచ్చింది. చీర అంచు పట్టుకుని చూసి, రెండోసారి వడ్డించుకుని తిని పోయింది.

కొన్నేళ్ల తర్వాత, రెండు వేల సంవత్సరం దాటాక, ధర్మవరంలో మాకు శిక్షణ తరగతి పెట్టారు. పాఠం చెప్పడానికి వచ్చినాయన పెబ్రిన్ గింజ నిజానికి బూజుల బంధువేనని తేలిందన్నాడు. ఇన్నాళ్లూ ఏకకణ జీవుల ఇంట్లో పెరిగినదాన్ని పుట్టింటికి పంపారన్నమాట. నేను లేచి, "ఇది నేనెప్పుడో చెప్పినాను సార్" అన్నాను. చెప్పింది నేను కాదని మీకు తెలుసు. ఆయనకు తెలియదు కాబట్టి చప్పట్లు కొట్టించాడు.

ఇదంతా రాసి మొన్న అక్కకు చదివి వినిపించాను. ఎనభై దాటింది. చేటలో శనగకాయలు ఒలుచుకుంటూ వింది. చప్పట్ల దగ్గర కూడా నవ్వలేదు. అంతా అయ్యాక చేట కింద పెట్టింది.

"యాడ పట్టుకున్యావురా నా చేతులు? తల్లి కడుపులోంచి వస్తాదని ఒగ మాట అని, టీ తెస్తానని లేచి పోయినావు. గంట సేపు రాలే. టీ కూడా తేలే. ఆ తల్లిని చూసే పని ఎవురిదని బస్సులో పోతా పోతా నేనే అనుకున్యా. నీ మొగం చూసి అడగలే. నా చెయ్యి మంచిదేనని తేల్చుకునింది నేను, నువ్వు కాదు. అది కొట్టేసి రాయి."